వయసు మీరిందంటారు, అనుభవం పండిందనరు

టేకులపల్లి: ఉద్యోగ ప్రకటన వెలువడితే ఇరవై రెండేళ్ల పిల్ల మొదట చూసేది ఖాళీలు ఎన్ని వున్నాయని. నలభై రెండేళ్ల స్త్రీ మొదట చూసేది గరిష్ఠ వయోపరిమితి ఎంత అని. ఆ ఒక్క అంకె అనుకూలంగా వుంటేనే ఆమె మిగతా ప్రకటన చదువుతుంది. లేకుంటే కాగితం మడిచిపెట్టి పనిలోకి పోతుంది. చదువుకున్న స్త్రీకి, అందునా ఏళ్ల తరబడి ఒకే వృత్తిలో చేయి తిరిగిన స్త్రీకి ఈ పరిస్థితి ఏర్పడటం మిక్కిలి శోచనీయం.

పట్నంలో ఇంటి పక్కనే బడి, కాలేజీ వున్న ఆడపిల్ల ఇరవై మూడేళ్లకే చదువు పూర్తి చేసుకుని పరీక్షలకు కూర్చుంటుంది. టేకులపల్లి మండలంలోని తండాలలో, కోయ గుంపులలో పుట్టిన ఆడపిల్ల సంగతి వేరు. ఆమె ఆశ్రమ పాఠశాలలో చేరాలి, ఇంటర్మీడియట్‌కు ఇల్లందుకో కొత్తగూడేనికో పోవాలి. మధ్యలో పెళ్లి అవుతుంది. ఒకరిద్దరు పిల్లలు పుడతారు. వారు బడికి పోయే వయసు వచ్చాక, అత్తమామలను ఒప్పించి నర్సు ట్రైనింగో, టీచరు ట్రైనింగో పూర్తి చేస్తుంది. సర్టిఫికెట్టు చేతికి వచ్చేసరికి ముప్పై దాటుతుంది. ఆమె సోమరిగా కూర్చుని పోగొట్టుకున్న వయసు కాదది. పొలం, పిల్లలు, ముసలివాళ్లు, వీరందరి పని చేస్తూ గడిపిన వయసు.

దుర్గాబాయి చూపిన దారి

ఈ సంగతి పాలకులకు తెలియనిది కాదు. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. ఆ మండలి 1958లో వయోజన స్త్రీల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించింది. చిన్నతనంలో చదువు ఆగిపోయిన స్త్రీలకు రెండేళ్లలో మెట్రిక్ స్థాయి చదువు చెప్పించి, ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా పనికి పంపాలన్నది ఉద్దేశం. దుర్గాబాయి తానే పెద్దయ్యాక బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చుని, తరువాత న్యాయశాస్త్రం చదివి 1942లో పట్టా పొందిన మనిషి. ఆలస్యంగా మొదలుపెట్టిన స్త్రీకి దారి చూపడం ప్రభుత్వ ధర్మమని 1958లోనే ఒప్పుకున్నారన్న మాట. ఇన్ని దశాబ్దాల తరువాత అదే స్త్రీని "వయసు మీరింది" అని వాకిట్లోనుంచి పంపివేయడం ముందుకు నడవడమా, వెనక్కు నడవడమా?

రెండవ ఏఎన్ఎంల గోడు

ఈ ప్రాంత ప్రజలకు అందరికంటె బాగా తెలిసిన ఉదాహరణ సబ్‌సెంటర్లలో పనిచేసే రెండవ ఏఎన్ఎంలది. 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైంది. ఒక్క నర్సమ్మతో పని సాగదని, ప్రతి సబ్‌సెంటరుకు మరొకరిని కాంట్రాక్టు మీద తీసుకోవాలని ఆ పథకంలో నిర్ణయించారు. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు ఒక సబ్‌సెంటరు వుంటే, కొండ, గిరిజన ప్రాంతాలలో 3,000 జనాభాకు ఒకటి వుండాలన్నది లెక్క. జనాభా తక్కువ కదా, పని తక్కువ అని పట్నంలో కూర్చున్నవారు అనుకోవచ్చు. ఆ మూడువేల మంది ఒక్క వూళ్లో వుండరు. ఒక తండా ఇక్కడ, ఒక గుంపు వాగు అవతల, మరొకటి అడవి అంచున వుంటాయి. ముసురు పట్టిన రోజున మందుల సంచి నెత్తిన పెట్టుకుని వాగు దాటితేనే పసిబిడ్డకు టీకా అందుతుంది.

బుధ, శనివారాలలో టీకాలు వేయాలి. జ్వరం వచ్చినవారి రక్తపు పూతలు తీయాలి. గర్భిణుల పేర్లు నమోదు చేయాలి, రక్తం తక్కువైనవారికి మాత్రలు ఇవ్వాలి, నెలలు నిండినవారిని సకాలంలో ఆసుపత్రికి పంపాలి. రిజిస్టర్లు రాయాలి, అవే వివరాలు మళ్లీ ట్యాబులలో ఎక్కించాలి. ఇంత పని చేస్తున్నా రెగ్యులర్ ఏఎన్ఎంకు వచ్చే జీతం వేరు, కాంట్రాక్టు ఏఎన్ఎంకు వచ్చే జీతం వేరు.

2020, 2021 సంవత్సరాలలో కరోనా వచ్చినప్పుడు జనం తలుపులు వేసుకుని కూర్చుంటే ఇల్లిల్లూ తిరిగినది ఈ నర్సమ్మలే. 2021 అక్టోబరు 21న దేశంలో నూరు కోట్ల టీకాలు పూర్తయ్యాయని ఢిల్లీలో సంబరాలు జరిగాయి. ఆ సూదులు వేసిన చేతులలో వీరి చేతులూ వున్నాయి. నాడు వారికి శాలువలు కప్పారు, పూలు చల్లారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత పెద్దలు వూరికే చెప్పలేదు.

నాలుగేళ్లకే నిండిన పాత్ర

2023 జులైలో తెలంగాణ వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి 1,520 ఏఎన్ఎం పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. కాంట్రాక్టు మీద వున్నవారు కూడా, అప్పుడే ట్రైనింగ్ ముగించుకుని వచ్చిన పిల్లలతో కలిసి పరీక్ష రాయాలన్నారు. 2023 ఆగస్టులో రెండవ ఏఎన్ఎంలు సమ్మె చేశారు. పదిహేనేళ్లకు పైగా చేస్తున్న పనికి మళ్లీ పరీక్ష ఏమిటని వారి ప్రశ్న. చివరకు 2024 డిసెంబరు 29న కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి పరీక్ష నిర్వహించారు.

అయితే ప్రభుత్వం వారి సర్వీసును బొత్తిగా విస్మరించిందనడం న్యాయం కాదు. నోటిఫికేషన్‌లో నూరు మార్కులకు 80 రాత పరీక్షకు, 20 కాంట్రాక్టు సర్వీసుకు కేటాయించారు. గిరిజన ప్రాంతంలో పనిచేసినవారికి ప్రతి ఆరు నెలలకు 2.5 మార్కులు, ఇతర ప్రాంతాలవారికి 2 మార్కులు అన్నారు. అడవి ప్రాంతపు కష్టాన్ని గుర్తించడం మెచ్చుకోదగినదే. కాని లెక్క వేసి చూస్తే అసలు విషయం బోధపడుతుంది. ఏడాదికి 5 మార్కుల వంతున నాలుగేళ్లకే 20 పూర్తవుతాయి. ఆ పైన చేసిన సర్వీసుకు సున్న. నాలుగేళ్లు పనిచేసినామె, పదిహేడేళ్లు పనిచేసినామె ఇద్దరూ ఒకటే అన్నమాట. ఆ పరిమితిని ముప్పైకి పెంచినా ఆరేళ్లకే పాత్ర నిండుతుంది. మిగిలిన పదకొండేళ్లు నేలపాలు.

2006లో ఇరవై ఆరేళ్ల వయసున చేరినామె 2024 నాటికి నలభై నాలుగేళ్లది. ఆమె పాఠ్యపుస్తకం మూసి పద్దెనిమిదేళ్లయింది. పక్క కుర్చీలో కూర్చున్న పిల్ల పుస్తకం మూసి పద్దెనిమిది నెలలు కాలేదు. ఎముకల పేర్లు, విటమినుల పేర్లు అడిగితే ఎవరు ముందు జవాబిస్తారో చెప్పనక్కరలేదు. రాత్రివేళ నొప్పులు మొదలైన స్త్రీ పొట్ట మీద చేయి వేసి, బిడ్డ అడ్డం తిరిగిందో లేదో చెప్పమంటే ఎవరు ముందు చెబుతారో కూడా చెప్పనక్కరలేదు. ఒక పరీక్షలో మొదటి ప్రశ్నే వుండి రెండవది లేకపోతే ఆ పరీక్ష సగమే కొలుస్తుంది.

ఎదురుచూపు ఎవరి తప్పు?

టీచరు ట్రైనింగ్ చేసిన స్త్రీల గతి కూడా ఇంతకంటె మెరుగుగా లేదు. తెలంగాణ ఏర్పడిన తరువాత 2017 అక్టోబరులో 8,792 ఉపాధ్యాయ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ తరువాత 2023లో 5,089 పోస్టులకు ఒకటి ఇచ్చి దానిని రద్దు చేశారు. మళ్లీ 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులకు కొత్తది ఇచ్చారు. పరీక్షలు ఆ ఏడాది జులై, ఆగస్టు నెలల్లో జరిగాయి. 2017లో ముప్పై మూడేళ్లున్నామెకు 2024లో నలభై వచ్చాయి. ఈ ఏడేళ్లూ ఆమె ఎదురుచూసింది ప్రభుత్వం కోసం. వయసు మాత్రం ఆమె ఖాతాలో రాశారు.

ఏజెన్సీలో మరొక దెబ్బ తగిలింది. షెడ్యూల్డు ప్రాంతాలలో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరి 10న జారీ అయిన జీవో 3ను సుప్రీంకోర్టు ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. అప్పటికే ఉద్యోగాలలో వున్నవారిని కదిలించలేదు గాని, తరువాత రావలసినవారికి ఆ దారి మూసుకుపోయింది. ఆ జీవోను నమ్ముకుని, పిల్లలను తల్లి దగ్గర వదిలి బీఈడీ చదివిన కోయ, లంబాడ స్త్రీలు ఎందరో వున్నారు. రాజ్యాంగంపై తీర్పు న్యాయమూర్తులు చెప్పవలసినదే. కాని ఆ తీర్పు తరువాత వారికి ఏ దారి చూపాలన్నది ప్రభుత్వం చెప్పవలసినది.

అంకె దేవుడు రాసింది కాదు

వయోపరిమితి మారనిదేమీ కాదు. తెలంగాణలో ప్రత్యక్ష నియామకాలకు 34 ఏళ్లుగా వున్న గరిష్ఠ వయసును 2022 మార్చి 19న జీవో 42 ద్వారా 44కు పెంచారు. 2024 ఫిబ్రవరి 8న జీవో 30 ద్వారా 46 చేశారు. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు మరో అయిదేళ్ల సడలింపు వుంది. రెండేళ్లలో పన్నెండేళ్లు పెంచగలిగారంటే, ఆ అంకె వైద్యశాస్త్రం చెప్పినదీ కాదు, ధర్మశాస్త్రం చెప్పినదీ కాదు. పాలకుల సంతకంతో కదిలే అంకె. పెంచినందుకు వారిని అభినందించవలసిందే. కాని రెండుసార్లూ రెండేళ్ల గడువు పెట్టి ఇచ్చారు. నోటిఫికేషన్ ఆ గడువులోగా రాకపోతే నిరుపేద స్త్రీ మళ్లీ మొదటికి రావాలి.

వయసు మీరినవారిని తీసుకుంటే పెన్షను భారం అని పూర్వం ఒక కారణం చెప్పేవారు. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి పాత పెన్షను లేదు. ఉద్యోగి జీతంలో కోసిన దానిని బట్టి, దానికి ప్రభుత్వం కలిపిన దానిని బట్టి వచ్చే పెన్షనే వుంది. ఎన్నేళ్లు కడితే అంతే. కనుక ఆ కారణం చెల్లదు. కొత్తగా వచ్చినామె ఎక్కువ కాలం పనిచేయదు అన్నది మరో కారణం. 2021లో ఉద్యోగ విరమణ వయసును 58 నుంచి 61కి పెంచారు. 46 ఏళ్లకు చేరినామె పదిహేనేళ్లు పనిచేస్తుంది. ఏజెన్సీ పోస్టులో చేరి ఏడాది తిరగకుండా బదిలీ కోసం హైదరాబాదు చుట్టూ తిరిగేవారికంటె, ఇక్కడే కాపురం వుండి పదిహేనేళ్లు పనిచేసే స్త్రీ మేలు కాదా?

ఈ జిల్లావారికి సింగరేణి నిబంధన కొత్త కాదు. బొగ్గు గని కార్మికుడు మరణిస్తే వారసుడికి ఉద్యోగం ఇవ్వడానికి జాతీయ బొగ్గు వేతన ఒప్పందంలో 35 ఏళ్ల పరిమితి రాశారు. కాని కార్మికుని భార్యకు మాత్రం 45 ఏళ్ల వరకు అవకాశం ఇచ్చారు. ఇంటి బరువు మోసిన స్త్రీకి పదేళ్లు అదనంగా ఇవ్వాలన్న ఇంగితం ఆ ఒప్పందం రాసినవారికి వుంది. కోయగూడెం ఓపెన్‌కాస్టుకు కూతవేటు దూరంలో వున్న సబ్‌సెంటరులో పనిచేసే నర్సమ్మ విషయంలో ఆ ఇంగితం ఎందుకు లేకపోవాలి?

సైన్యంలో పనిచేసి వచ్చినవారికి వారి సర్వీసు ఎన్నేళ్లో అన్నేళ్లు, ఆపైన మరో మూడేళ్లు వయసులో తగ్గించి చూస్తారు. అది సమంజసమే. దేశం కోసం గడిపిన వయసును దేశం లెక్కలో వేసుకుంది. అడవి గ్రామాలలో మలేరియాతో, విషజ్వరాలతో పోరాడుతూ గడిపిన వయసు ఎవరి లెక్కలో వేయాలి?

యువతుల మాట, కోర్టుల మాట

ఇక్కడ ఒక ఆక్షేపణ వుంది. పెద్దవారికే పోస్టులన్నీ ఇస్తే, అప్పు చేసి నర్సింగు చదివిన యువతుల గతి ఏమిటని. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. ఆ పిల్లలు కూడా ఈ తండాల పిల్లలే, కొన్ని ఇళ్లలో ఆ కాంట్రాక్టు నర్సమ్మ కూతుళ్లే. ఈ తగవు తల్లీకూతుళ్ల మధ్య పెట్టింది ఖాళీలను ఏళ్ల తరబడి నింపని ప్రభుత్వాలు. ప్రతి ఏటా ఏర్పడిన ఖాళీని ఆ ఏడే నింపి వుంటే ఈ పెద్దవారంతా ముప్పై ఏళ్ల వయసులోనే స్థిరపడి వుండేవారు, నేటి పిల్లలకు నేటి ఖాళీలు మిగిలేవి. 2024 ఆగస్టు 2న రాష్ట్ర శాసనసభలో జాబ్ క్యాలెండర్ ప్రకటించారు. క్యాలెండరు గోడకు తగిలించడం వేరు, తేదీకి పని జరగడం వేరు.

పరీక్ష లేకుండా పర్మినెంటు చేయడానికి కోర్టు తీర్పులు అడ్డు వస్తున్నాయని అధికారులు చెబుతుంటారు. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, దొడ్డిదారిన చేరినవారిని క్రమబద్ధీకరించరాదని చెప్పిన మాట నిజం. మంజూరైన పోస్టులలో పదేళ్లు పనిచేసినవారి విషయం ఒక్కసారికి పరిశీలించవచ్చునని ఆ తీర్పే చెప్పింది. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో అదే సుప్రీంకోర్టు మరింత స్పష్టంగా మాట్లాడింది. కేంద్ర జలసంఘంలో ఏళ్ల తరబడి పనిచేసినవారిని తీసివేయడం చెల్లదని, వారిని క్రమబద్ధీకరించాలని ఆదేశించింది. ఉమాదేవి తీర్పును సాకుగా చూపి, నిత్యం అవసరమైన పనిచేసేవారిని తాత్కాలికులుగానే వుంచరాదని చెప్పింది. రాష్ట్రంలో 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరిస్తూ ముఖ్యమంత్రి సంతకం చేశారు. మనసుంటే మార్గం లేకపోలేదని దీనినిబట్టి తెలుస్తుంది.

ప్రైవేటు ఆసుపత్రులకు పోరాదా అనేవారున్నారు. అక్కడ తక్కువ జీతానికి, రాత్రి డ్యూటీలకు చిన్న వయసు పిల్లలే కావాలంటారు. నలభై అయిదేళ్లామె పోతే "ఫోను నంబరు ఇచ్చి పోమ్మా" అంటారు. ఆ ఫోను మోగదు. అమెరికాలో 1967లోనే చట్టం చేసి, నలభై దాటినవారికి వయసు కారణంగా ఉద్యోగం నిరాకరించడం నేరంగాక తప్పుగా పరిగణించి, కోర్టుకు పోయే హక్కు ఇచ్చారు. మన దేశంలో ప్రైవేటు యజమానిని అలా నిలదీసే చట్టం లేదు. 1981లో విమాన పరిచారికల కేసులో, మొదటి కాన్పుకే ఉద్యోగం నుంచి తీసివేసే నిబంధనను సుప్రీంకోర్టు కొట్టివేసింది గాని, 35 ఏళ్ల విరమణ వయసును తప్పు పట్టలేదు. ఆడదానికి వయసే పెట్టుబడి అనే భావం ఎంత లోతుగా పాతుకుపోయిందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

చేయవలసినవి

ఈ పరిస్థితిని చక్కదిద్దడానికి కోట్ల రూపాయలు అక్కరలేదు. కాంట్రాక్టు మీద ఎన్నేళ్లు పనిచేస్తే అన్నేళ్లు వయసులో తగ్గించి లెక్కించాలి. సర్వీసు మార్కులకు నాలుగేళ్లకో ఆరేళ్లకో తెర దించకుండా, చేసిన ప్రతి ఏడాదికీ విలువ ఇవ్వాలి. కంప్యూటరు పరీక్షతోపాటు ఆసుపత్రిలో చేతి పని చూసి మార్కులు వేసే పద్ధతి పెట్టాలి. నోటిఫికేషన్ ఆలస్యమైతే, ఖాళీ ఏర్పడిన సంవత్సరం నాటి వయసునే చూడాలి. పెంచిన వయోపరిమితిని రెండేళ్ల ముచ్చటగా కాక స్థిరమైన నిబంధనగా చేయాలి. సర్వీసు సర్టిఫికెట్టు కోసం నర్సమ్మలను ఆఫీసుల చుట్టూ తిప్పకుండా, అడిగిన వారంలోగా ఇవ్వాలని జిల్లా వైద్యాధికారులు ఆదేశించాలి.

స్త్రీలు కూడా ఒక జాగ్రత్త పడాలి. కాంట్రాక్టు పొడిగించినప్పుడల్లా ఇచ్చే ఉత్తర్వు కాపీని, జీతం జమ అయిన బ్యాంకు పుస్తకాన్ని, ట్రైనింగు సర్టిఫికెట్లను ఒకచోట భద్రపరచుకోవాలి. రేపు సర్వీసు లెక్క వచ్చినప్పుడు అధికారి అడిగేది కాగితమే గాని కష్టం కాదు. కుల ధ్రువపత్రంలో, పదవ తరగతి సర్టిఫికెట్టులో పేరు, పుట్టిన తేదీ ఒక్కటిగా వున్నవో లేవో నోటిఫికేషన్ రాకముందే సరిచూసుకోవాలి.

బోడు, ముత్యాలంపాడు, సులానగర్ వంటి వూళ్లలో ముప్పై ఏళ్ల లోపు పిల్లలలో చాలామందికి మొదటి సూది వేసింది ఏదో ఒక నర్సమ్మే. ఆ పిల్లలలో కొందరు నేడు ఓటర్లు, కొందరు పంచాయతీ సభ్యులు కూడా. తమకు సూది వేసిన చేతికి నేడు పనికిరాని వయసు వచ్చిందని ప్రభుత్వం చెబితే, కాదని చెప్పవలసిన బాధ్యత వారిది. గ్రామసభలలో ఈ విషయమై తీర్మానాలు చేసి శాసనసభ్యులకు, జిల్లా కలెక్టరుకు, భద్రాచలం ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి పంపాలి. ఈ ప్రాంతపు కాంట్రాక్టు ఏఎన్ఎంల, వయసు దాటిపోతున్న టీచరు ట్రైనింగు స్త్రీల సమస్యను మరో నోటిఫికేషన్ వెలువడక ముందే ప్రభుత్వం పరిష్కరించవలసి వుంది.